ఫిల్ముల గదిలో విన్న మాట

ఇందులో కల్పన ఒక్క ముక్క కూడా లేదు. పాతికేళ్ళు విలేకరిగా చేశాను. చూడనిది, విననిది రాస్తే మా డెస్కులో ఊరుకునేవారు కాదు. ఇది నేను విన్నది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బంద్. బస్సుల్లేవు. సిరిసిల్లలో బీడీలు చుట్టే మా అక్క భూలక్ష్మికి రొమ్ములో కేన్సర్ అన్నారు. చేతికి తగలని గడ్డ. ఏ వైపు, ఎక్కడుందో ఎక్స్‌రే ఫిల్ములు చూసి చెప్పాల్సిన డాక్టరు జగిత్యాలలో ఉంటాడు. కేన్సర్ ఫిల్ములు చదవడమే ఆయన పని. వారానికో రోజు కోరుట్ల, ఇంకో రోజు సిరిసిల్ల వచ్చేవాడు. బంద్‌తో రాలేదు. తెల్లారితే కరీంనగర్‌లో ఆపరేషన్. ప్రెస్ స్టిక్కరున్న బండి మీద ఫిల్ములు జగిత్యాలకు నేనే తీసుకెళ్ళాను.

ఆయనకో పద్ధతి ఉంది. ముందు పేరు చూడడు. చిన్న ఊళ్ళు, అందరూ తెలిసినవాళ్ళే... పేరు తెలిస్తే కన్ను మొహమాటపడుతుందనేవాడు. కాంపౌండర్ ఫిల్ములు లైటు పెట్టెకు తగిలించి, పేరున్న మూల మీద కాగితం అంటించేవాడు. ఆ రాత్రి కాంపౌండర్ రాలేదు. నేనే అంటించాను. అంటించాకే తగిలించాను. కుడో ఎడమో చెప్పే అక్షరం కూడా ఆ మూలలోనే ఉంటుందని నాకు తెలియదు.

క్లినిక్‌లో కరెంటు లేదు. ఇన్వర్టర్ మీద లైటు పెట్టె ఒక్కటే వెలుగుతోంది. సన్నగా గుయ్‌మంటోంది. షట్టర్‌కు లోపలి నుంచి నేనే తాళం వేశాను.

డాక్టరు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. కుడి దిక్కున్నదంటూ కలం తీశాడు.

అప్పుడు... వెనక వరండాలో బల్ల కిర్రుమంది. ఎవరో కూర్చున్నట్టు. తర్వాత గాజుల చప్పుడు. ఆగింది. ఆడమనిషి గొంతు... మెల్లగా...

"కుడి గాదు సారూ. ఇంకోపారి సూడుండ్రి."

డాక్టరు కలం ఆగింది. అంటే ఆయనా విన్నాడు. నా వైపు చూడలేదు. లేచి కాగితం పీకాడు. అక్షరం తిరగబడి ఉంది. రెండు ఫిల్ములూ నేను తిరగేసి తగిలించానన్నమాట. గడ్డ ఎడమవైపు ఉంది.

టార్చి పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. బల్ల ఖాళీ. షట్టర్ తాళం వేసినట్టే ఉంది, వరండాకు వేరే దారి లేదు. మేడ మీద అద్దెకెవరూ లేరు. ఊరేగింపు మైకులు ఎప్పుడో ఆగిపోయాయి.

తిరిగొచ్చేసరికి ఆయన రిపోర్టు రాస్తున్నాడు. అది మీ అక్క గొంతా అని అడిగాడు. కాదన్నాను.

"నాకెరుకే ఆ గొంతు," అన్నాడు, రాయడం ఆపకుండా. "ఆమె ఫిల్ము నేను సక్కగ చూడలే. ఎప్పటిదో... దక్కలే ఆమె."

రిపోర్టు, ఫిల్ములు తీసుకుని బండెక్కాను. తెల్లవారకముందే కరీంనగర్ చేరాను. అక్కకు ఎడమవైపు ఆపరేషన్ చేశారు. బతికింది. ఎవరు కాపాడారని అక్క అడిగితే మాత్రం... డాక్టరని చెబుతాను. అది నిజమో కాదో నాకు తెలియదు.