హోమ్ నొక్కితే పల్లవి

పాట మధ్యలో మౌస్ పట్టుకున్నవాళ్లు చెడ్డారు. ఈ సంగతి నాకు మా బోగోలు చర్చిలో, నిండు ఆదివారం ఆరాధనలో తెలిసింది.

నేను కావలిలో ఒక డీటీపీ షాపులో టైపు పని చేస్తాను. కంట్రోల్ సి, కంట్రోల్ వి, తప్పు పోతే కంట్రోల్ జెడ్. ఒకసారి ఇంట్లో చేపల పులుసులో రెండోసారి ఉప్పు పడితే, నా ఎడమచేతి వేళ్లు గాలిలోనే కంట్రోల్ జెడ్ నొక్కాయి. ఉప్పు మాత్రం వెనక్కి రాలేదు. అంత ఘనురాలిని కదా అని, చర్చిలో కొత్తగా పెట్టిన తెర మీద పాటల మాటలు వేసే పని నాకు అప్పజెప్పారు.

నా పుట్టిల్లు సంగం దగ్గర. వరి పొలాల మధ్య పెరిగాను, ఈ పాటలు పెళ్లయ్యాకే విన్నాను. అందుకని స్లైడ్లు పుస్తకంలో ఉన్న వరసలోనే చేశాను: ముందు పల్లవి, తర్వాత చరణాలు. మా చర్చిలో పాట అలా నడిస్తే కదా! పాడించే పెద్దాయనకు హుషారు వచ్చిందంటే చరణం సగంలోంచి పల్లవికి దూకుతాడు, దాన్నే తిప్పి తిప్పి పాడిస్తాడు, ఉన్నట్టుండి మళ్లీ మొదటి చరణం ఎత్తుకుంటాడు. నేను మౌస్‌తో వెంటపడ్డాను. బాణం గుర్తు అక్షరాల మీద ఈగలా తిరిగింది. కంగారులో ఆల్ట్ ట్యాబ్ నొక్కాను. నా ల్యాప్‌టాప్‌లో ముందురోజు చేసిన హోటల్ ఫ్లెక్సీ తెర నిండా వచ్చింది: ‘వేడివేడి మటన్ పలావు’. ముందు వరసలో ఎవరో దాన్ని కూడా రాగంలో పాడేశారు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద నా దగ్గరికొచ్చాడు. “వచ్చే వారం గూడా ఇట్నే అయితే తెర చుట్టి పైన పెట్టేద్దాంమ్మా. పుస్తకాలు ఉండాయి గదా.”

పక్కనే ఉన్న మా అత్త అడ్డుపడింది. “నాకు పుస్తకంలో అక్షరాలు ఆనడం లేదన్నా. తెర ఉండాల్సిందే.”

తెర పోతే అత్త పాట పోతుంది, అదీ నా చేతుల మీదుగా!

ఆ వారం షాపులో తీరిక దొరికితే చాలు, ఒక్కో కీ నొక్కి చూశాను. స్లైడ్లు నడుస్తుండగా హోమ్ నొక్కితే, ఎక్కడున్నా వచ్చి మొదటి స్లైడు మీద పడుతుంది. అంటే పల్లవి! రెండు నొక్కి ఎంటర్ కొడితే రెండో స్లైడు. అంటే మొదటి చరణం! బి నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ బి నొక్కితే అక్షరాలు తిరిగొస్తాయి. ప్రార్థనప్పుడు ఇంకేం కావాలి? నేను కుర్చీలోనే గంతులేస్తుంటే షాపు ఓనరు అదోలా చూశాడు.

ఇంట్లో సాధన మొదలైంది. అత్త నా వైపు వీపు పెట్టి చేపలు తోముతూ, చర్చిలో పాడించే పెద్దాయన కంటే అన్యాయంగా ఎక్కడ పడితే అక్కడికి దూకుతూ పాడేది. “పట్టుకోమే చూద్దాం!” అని నవ్వేది. నేను హోమ్, మూడు, ఎంటర్, మళ్లీ హోమ్ నొక్కుతూ వెంటపడేదాన్ని.

ఆదివారం పెద్దాయన చెలరేగిపోయాడు. ఆయన పల్లవికి దూకేసరికి తెర మీద పల్లవి. సంఘపెద్ద నా వైపు చూసి తల ఊపాడు. నా కాళ్లు నేల మీద లేవు. ప్రార్థనకు దర్జాగా బి నొక్కాను. ఆమెన్ అనగానే పెద్దాయన చెప్పాపెట్టకుండా మళ్లీ అదే పాట అందుకున్నాడు. సంబరంలో నేను రెండో బి మరిచిపోయాను.

తెర నల్లగానే ఉంది. పాట ఆగలేదు. ఒక్కరూ పుస్తకం తెరవలేదు. అత్త కళ్లు మూసుకుని, అక్షరం పొల్లు పోకుండా మూడో చరణం పాడేస్తోంది. అంత మందిలో మాట అందక తెరుచుకుని ఉండిపోయిన నోరు నాదొక్కటే.

ఇంటికి నడుస్తూ అడిగాను. “అత్తా, నీ కళ్లు?”

“నా కళ్లకేందమ్మే? సూదిలో దారం ఎక్కిస్తా. పాట రాక నువ్వు వెనక బెంచీలో గోళ్లు గిల్లుకుంటా ఉంటివి. చూడలేక తెర పెట్టమని పోరినా.”

నడిరోడ్డు మీద ఆమెను వాటేసుకున్నాను. “చీర నలుగుతాది, వదలమే,” అంది.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ తెరవలేదు. ఆమె చేపలు తోముతుంటే ఎదురుగా కూర్చుని “హోమ్” అన్నాను. ఆమె పల్లవి అందుకుంది. “మూడు, ఎంటర్” అన్నాను. రెండో చరణంలోకి దూకింది. ఈసారి నేనూ దూకాను.