కిటికీ కింద చాప: జైల్లో చెప్పిన దగ్గు పాఠం

"ఆదివారం జైలుకొచ్చి మీ తమ్ముణ్ణి చూస్తాను" అని చాలా ఏళ్ల క్రితం ఒక డాక్టరు నాకు మాటిచ్చాడు. చేను గట్టు తగాదాలో తమ్ముడు రిమాండులో ఉన్నాడు, ఎడతెగని దగ్గు. ఆదివారాలు వచ్చాయి, డాక్టరు రాలేదు. తమ్ముడు ప్రాణంతో ఇంటికి రాలేదు. అందుకే ఒకప్పుడు ఆరోగ్యశాఖలో నా దగ్గర పనిచేసిన నర్సు సలోమి ఫోన్ చేసి, జైల్లో క్షయ గురించి చెప్పాలి, వస్తారా సార్ అని అడగ్గానే, ఈ వయసులోనూ పెళ్లికి పిలిచినట్టు బయల్దేరాను.

గుడివాడలో పొద్దున్నే బందరు ప్యాసింజరు ఎక్కండి. టికెట్టు ప్లేటు ఇడ్లీ ధర కూడా ఉండదు. కౌతవరం దాటాక కిటికీలోంచి వరిచేలు, చేపల చెరువులు. పెడన వచ్చిందంటే లేచి సర్దుకోవచ్చు. బందరు స్టేషను బయట ఆటో వంద అడిగితే ఎనభైకి తెగింది. జైలు పేరు రాయవద్దన్నారు, రాయను.

"లోపల మీవాళ్లెవరున్నారండీ?" అన్నాడు ఆటో అతను. ఎవరూ లేరు, క్షయ దగ్గు గురించి పాఠం చెప్పడానికి అన్నాను. "దొంగలకి పాఠమేంటి బాబాయ్‌గారూ" అని నవ్వాడు. ఆ దగ్గు నీ ఆటో కూడా ఎక్కుతుందయ్యా అన్నాను.

గేటు దగ్గర ఫోను, గొడుగు పెట్టించుకున్నారు. షెడ్డు కింద ఖైదీలు కూర్చున్నారు. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లు చెయ్యెత్తమన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక వరసలో మాత్రం ఎవరో నోరు మూసుకుని దగ్గుతున్నారు. ప్రతిసారీ ఇంతేనంది నా పక్కనే ఉన్న సలోమి.

జైళ్ల సంస్కరణ మీద లావుపాటి పుస్తకాలు ఎన్నో చదివాను. రాసినవాళ్లలో ఒక్కడికీ ఖైదీ ఎక్కడ పడుకుంటాడో అడగాలని తోచలేదు. నాకు ములాఖత్‌లో తమ్ముడన్న మాట గుర్తొచ్చింది: "దగ్గితే మరుగుదొడ్డి పక్కకి తోస్తారన్నయ్యా. గుడ్డ నోట్లో కుక్కుకుని పడుకుంటున్నా." ఇక్కడ దగ్గేవాళ్లు ఎక్కడ పడుకుంటారని అడిగాను.

"ఇంకెక్కడండీ, దొడ్డి పక్కన మూల. మిగతావాళ్లకి అంటకూడదుగా" అన్నాడు అందరూ బాబాయ్ అని పిలిచే దివిసీమ పెద్దాయన. ఆయన చాప కిటికీ కింద ఉంటుందట. ఆ బ్యారక్‌లో పెద్దవాడి చోటు అదే.

చెప్పాల్సిన పాఠం దొరికిందని నాకు ఒళ్లంతా హుషారొచ్చింది. గాలాడని మూలలో దగ్గితే ఆ క్రిములు గదిలోనే తిరుగుతాయని, అందరూ రాత్రంతా అదే పీలుస్తారని, కిటికీ దగ్గరైతే చాలావరకు బయటికి పోతాయని చెప్పాను. మందులు మానకుండా వాడితే నయమవుతుందనీ చెప్పాను.

"అయితే వాణ్ణి మూలకి తోసి, ఆ గాలి మేమే పీల్చామన్నమాట" అన్నాడు బాబాయ్. వెనక్కి తిరిగి, "ఒరే ఏసుబాబూ, దాచింది చాల్లే. నా చోటు తీసుకో" అన్నాడు.

బక్కచిక్కిన కుర్రాడు లేచాడు. "మళ్లీ లాక్కుంటావా బాబాయ్?"

"నయమయ్యాక లాక్కుంటా. రాసిస్తాననుకున్నావా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఇంకో రెండు చేతులు లేచాయి.

చాపలు రేపు మార్పిస్తాను, మీరు బయల్దేరండి అన్నాడు జైలరు మర్యాదగానే. జబ్బని తేలితే ఆస్పత్రికి పంపిస్తానన్నాడు. "రేపు అనే మాట నాకు పడదు బాబూ. చాప జరిగాక వెళ్తాను" అని అక్కడే కూర్చున్నాను. చివరికి బ్యారక్ దాకా తీసుకెళ్లారు, నా కళ్ల ముందే చాప జరిగింది. పరీక్షకి తీసిన కఫం సీసాలు సలోమి సంచిలోకి వెళ్లాయి.

సాయంత్రం బందరు బజార్లో హల్వా కొని, షుగరు సంగతి మరిచి స్టేషన్లోనే తిన్నాను. ఇంత సంతోషంగా రైలెక్కి ఎన్నేళ్లయిందో. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకి రెండు సలహాలు: అనుమతి ముందే తీసుకోండి. లోపలికెళ్లాక ఎవరికి జబ్బని అడగకండి, జబ్బుపడితే ఎక్కడ పడుకోబెడతారని అడగండి.

గుడివాడ వచ్చేదాకా నా సీటు పక్కన కిటికీ తెరిచే ఉంచాను. తమ్ముడికి కావలసింది అంత గాలి, కొన్ని మాత్రలు, ఒక్క ఆదివారం. అవి దక్కకుండా చేసినవాడి పేరు ఇన్నాళ్లూ మర్యాదకి రాయలేదు. డాక్టర్ సత్యానందం.