బాబాయి ఆపని కారు

మా బాబాయి కూర్చున్నచోట కుదురుగా ఉండే మనిషి కాదు. రైలింజన్ నడిపి రిటైరయ్యాక, టీ తాగుతూ కూడా ఇంటి ముందు పచార్లు చేసేవాడు.

ఒక మే నెల మధ్యాహ్నం అక్కనీ, అప్పుడే పుట్టిన పాపనీ ఆసుపత్రి నుంచి రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటికి ఆయన కారులో తెస్తున్నాం. రైల్వే గేటు వేసి ఉంటే ఆగిన కాసేపటికి ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. పాప ముఖం కందిపోయి ఏడుపు అందుకుంది.

బాబాయి దిగి బానెట్ ఎత్తాడు.

"ఏటైంది బాబాయ్?" అన్నాను.

"ఇంజన్ ముందున్న ఫ్యాన్ తిరగట్లేదు. బండి కదుల్తుంటేనే బయటి గాలి తగిలి ఏసీ చల్లబడతాది. ఆగితే ఇంతే."

రావాల్సిన గూడ్సు రైలు ఇంకా రాలేదు. ఆయన కారు వెనక్కి తిప్పి, గేటు తెరిచేదాకా పక్క కాలనీ వీధుల్లో తిప్పుతూనే ఉన్నాడు. "గాలి తగుల్తుందా అమ్మా?" అని మాటిమాటికీ అక్కని అడిగాడు. మెల్లగా చల్లబడింది. పాప నిద్రపోయింది.

ఇల్లు చేరాక చూశాను. తన వైపు ఏసీ రంధ్రాలు మూసేసి, గాలంతా వెనక సీటుకి మళ్లించాడు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది.

"లోపలికొచ్చి మంచినీళ్లు తాగు బాబాయ్," అంది అక్క.

"అచ్ఛా, వస్తాను. ముందు ఫ్యాన్ వేయించుకొచ్చీస్తాను," అంటూనే కారు తిప్పేశాడు.