నూకయ్య నిండు బండి

నూకయ్యకు ఖాళీ అంటే గిట్టదు. కొందరికి పిల్లి ఎదురొస్తే గిట్టదు, కొందరికి వంకాయ గిట్టదు. ఈయనకు ఖాళీ బుట్ట, ఖాళీ కుర్చీ, ఖాళీ చెయ్యి, ఏది కనిపించినా ఒంటిమీద చీమలు పాకినట్టుండేది. ఒడ్డున ఎవరైనా చేతులూపుకుంటూ పోతుంటే పిలిచి మరీ నాలుగు ఎండుచేపలు చేతిలో పెట్టేవాడు. "ఎలాగూ అటే ఎల్తన్నావు గదా, మా బుల్లమ్మత్తకి ఇచ్చెయ్" అనేవాడు. అటు వెళ్లడం లేదన్నా వినేవాడు కాదు. మా పేటలో ఎవరూ బయల్దేరిన పనికి నేరుగా చేరకపోవడానికి కారణం ఇదే.

భార్య గురమ్మ పుట్టింటికి వెళ్తే చాపమీద ఆమె చోటు ఖాళీ అయింది. నూకయ్య తట్టుకోలేక అక్కడ వల చుట్టి పడుకోబెట్టాడు. ఆమె తిరిగొచ్చి చూసింది.

"ఇదేటి?"

"నువ్వు లేవు గదాని. ఇదైతే గొణగదే."

"అయితే రేపటి నుంచి దాన్నే కూర వండమను" అని గురమ్మ మళ్లీ సంచీ ఎత్తుకుంది. వల ఆ పూటే పడవెక్కేసింది.

ఇక పల్లకీ సంగతి చెప్పకపోతే నూకయ్య గురించి చెప్పినట్టే కాదు. పక్క ఊళ్లో పెళ్లికూతుర్ని దింపి పల్లకీ ఒట్టిగా తిరిగొస్తోంది. మోసేవాళ్లలో నూకయ్య ఒకడు. దారిలో మలేరియా ఇనస్పెక్టరు గారు, పైన బట్టతల, కింద మందు డబ్బా, ఎండలో నడుచుకుంటూ కనపడ్డారు. నూకయ్య ఆయన్ని పల్లకీలో కూర్చోబెట్టేశాడు. అడ్డొచ్చిన ప్రతి ఊళ్లోనూ జనం గుమ్మాల్లోకొచ్చి అక్షింతలు వేశారు.

"పెళ్లికొడుక్కి ఇంత వయసేటిరా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"సమ్మందం కుదరడం ఆలీసమైపోనాది అవ్వా."

"మరి పెళ్లికూతురేది?"

"ముందే దిగిపోనాది."

ఇనస్పెక్టరు గారు తలమీద బియ్యం దులుపుకుంటూ మా పేటలో దిగారు. దిగినందుకు ఇల్లిల్లూ మందు కొట్టి వెళ్లారు. అంతకు ముందు ఆయన మా పేట పొలిమేర కూడా చూసి ఎరగరు. ఆ విషయం అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నవ్వడానికే పేటకు తీరిక చాలలేదట.

ఇలాంటి మనిషి చేతికి వ్యాను ఇస్తే ఏమవుతుంది? మా చేపలోళ్ల సంఘం ఒక పాత వ్యాను కొని ఆయన్నే డ్రైవరుగా పెట్టింది. తెల్లవారగానే చేపల బుట్టలు ఐసు వేసి కోటబొమ్మాళి స్టేషనుకు తీసుకెళ్లాలి, కలకత్తా వైపు పోయే రైలెక్కించాలి. పోయేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు వ్యాను ఒట్టిది. మొదటి రోజు ఆ ఒట్టి వ్యాను తోలుకొచ్చి నూకయ్య అన్నం ముట్టలేదట. ఒంట్లో బాగాలేదేమోనని గురమ్మ దిష్టి కూడా తీసింది.

రెండోరోజు నుంచి రోడ్డు మీద నిలబడి ఉన్న దేన్నీ వదల్లేదు. డప్పులవాళ్లు ఎక్కారు. మేకలు ఎక్కాయి. ఊరూరా తిప్పి గాజులమ్మే అద్దాల బీరువా ఒకటి యజమానితో సహా ఎక్కింది. నేనెక్కిందీ అలాగే. మా స్వస్థలం రాజాం. మా పేట బడికి మాస్టారుగా వేస్తే కోటబొమ్మాళిలో రైలు దిగాను. ఆ పేటకు బస్సు లేదు, దారంతా ఇసక అని విని, తిరుగు రైల్లో ఇంటికి పోదామని బెంచీ మీద కూర్చున్నాను.

"ఎక్కడికి మాస్టారూ?" అన్నాడు నూకయ్య.

"ఇంటికి."

"ఇల్లెక్కడికి పోతాది, ఉంటాది. బండి ఖాళీగా పోతన్నాది, ఎక్కండి."

ట్రంకు పెట్టె అప్పటికే వ్యానులో ఉంది. దాని వెంట నేనూ ఎక్కాను. మూతపడిన బడి అలా తెరుచుకుంది. నన్ను అడిగితే మాత్రం ప్రభుత్వం వారు పంపిస్తే వచ్చానని గట్టిగా చెప్పేవాణ్ని.

నర్సు పద్మకుమారి గారి కథ వేరు. ఆవిడది విజయనగరం. కోటబొమ్మాళి ఆసుపత్రిలో ఉద్యోగం. మా వైపు ఊళ్లన్నీ ఆవిడ కిందివే గాని, వెళ్లడానికి బండి లేదు. సర్కారు దగ్గర నర్సమ్మ ఉంది, బండి లేదు. సంఘం దగ్గర బండి ఉంది, నర్సమ్మ లేదు. ఈ రెండింటినీ కలపాలని పెద్దవాళ్లెవరికీ తోచలేదు. నూకయ్యకు తోచింది. మంగళవారం మంగళవారం ముందు సీట్లో ఆవిడ్ని కూర్చోబెట్టుకుని తేవడం మొదలెట్టాడు.

ఆవిడకు చేపల వాసన పడదు. ముక్కుకు రుమాలు కట్టుకుని కూర్చునేది. ఒకసారి రుమాలు లోంచే అడిగింది. "నూకయ్యా, నేను రాకపోతే నువ్వేం చేస్తావు?"

"ఊక బస్తా ఏస్తానమ్మా. బండి ఖాళీగా తోలకూడదు గదా."

"అంటే నేను ఊక బస్తాతో సమానమా?"

నూకయ్య ఆలోచించాడు. "బస్తాయే బరువుంటాదమ్మా" అన్నాడు, మెచ్చుకుంటున్నాననుకుని.

ఆ తర్వాత చాలాకాలం ఆవిడ వ్యానులో మాట్లాడడం మానేసింది. అయినా రావడం మానలేదు. ఆవిడ చేతి మందుతో పేటలో పిల్లల గజ్జి పోయింది. కడుపుతో ఉన్నవాళ్లు మంగళవారం కోసం చూసేవాళ్లు. అందరికన్నా ఎక్కువ చూసింది చిన్నతల్లి. ఆ పిల్ల మా సంఘం ప్రెసిడెంటు జోగయ్య కూతురు, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మంత్రసాని తవిటమ్మ పొట్ట తడిమి, "బిడ్డ అడ్డం తిరిగున్నాది. నా ఒక్కదాని వల్ల కాదు, నర్సమ్మ ఉండాల" అని తేల్చేసింది. తవిటమ్మ తన వల్ల కాదని అనడం పేటలో అదే మొదలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జోగయ్యకు తెలివి పుట్టింది. ఆయన గురమ్మకు అన్న, నూకయ్యకు బావ. వలల పాక కింద మీటింగు పెట్టి లేచి నిలబడ్డాడు.

"మా బావ ఖాళీ ఖాళీ అని ఏడుస్తాడు గదా. ఆడి ఏడుపు తీర్చేసినాను. రాజాం షావుకారు తిరుగు బండి మొత్తం మాట్లాడుకున్నాడు. ఉల్లిపాయలు, నూనె డబ్బాలు, ఒడ్డునున్న కొట్లన్నిటికీ ఏసుకోవాల. ఇంక బండి కిటకిటలాడిపోతాది. ఏటి బావా, సంతోసమేనా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నూకయ్య మొహం మాత్రం పులుసులో ఉప్పు మరిచిపోయినవాడిలా అయింది.

"మొత్తం నిండిపోతాదా?"

"అంగుళం మిగల్దు."

"అంగుళం మిగలకపోతే బండికి ఊపిరాడదేమో బావా."

"బండికి ఊపిరేటిరా?"

జీవితమంతా నిండుతనం గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషి, ఇప్పుడు కొంచెం ఖాళీ ఉంచండని ఏ మొహంతో అడుగుతాడు? నర్సమ్మ సంగతి నేనే ఎత్తాను. "ఆవిడకేటి మాస్టారూ, నడిసొస్తాది" అన్నాడు జోగయ్య. తన కూతురి పొట్టకూ ఉల్లిపాయలకూ ఉన్న సంబంధం ఆయన బుర్రకు ఇంకా ఎక్కలేదు.

వచ్చిన మంగళవారం నేను బడి పని మీద కోటబొమ్మాళిలోనే ఉన్నాను. తిరిగి వెళ్దామని వ్యాను దగ్గరికొస్తే అక్కడ పెద్ద గొడవ. వెనకంతా ఉల్లి బస్తాలు పైకప్పు తాకుతున్నాయి. ముందు సీటు ఒట్టిదిగా ఉంది. ఒట్టిదే కాదు, శుభ్రంగా కడిగి, ఉతికిన తువ్వాలు పరిచి ఉంది. షావుకారు గుమస్తా నారాయణమూర్తి దానిమీద కూర్చోబోతుంటే నూకయ్య తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కడ మనిసున్నాది" అన్నాడు.

గుమస్తా కళ్లజోడు సవరించుకుని చూశాడు. "ఎవరయ్యా?"

"నర్సమ్మ."

"కనపడదే?"

"ఇంకా ఎక్కలేదు."

గుమస్తా ఎటూ తోచక బస్తాల మీదికి పాకాడు. నర్సమ్మ వచ్చే వేళ దాటింది. ఎండ ముదిరింది. మా పేట నుంచి చేపలమ్మడానికొచ్చే దానమ్మ వచ్చి సంగతి చెప్పింది. బండి ఉల్లిపాయలకిచ్చేశారని తెలిసి నర్సమ్మ ఇంట్లోనే కూర్చుందట, విజయనగరానికి బదిలీ అడుగుతానంటోందట. నూకయ్య వెంటనే వ్యాను ఆవిడ ఇంటిముందుకు పోనిచ్చాడు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది గాని మెట్టు దిగలేదు. "నీకు ఉల్లిపాయలు దొరికాయిగా నూకయ్యా. నాకన్నా అవే బరువు. ఇంక నేనెందుకు?"

నూకయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టాడు. బస్తాల మీంచి గుమస్తాకే కోపమొచ్చింది.

"ఏం మనిషండీ ఈయన? వ్యాను కొన్న దగ్గర్నుంచీ మా షావుకారు సరుకు వెయ్యమని ఈయన వెనక తిరిగి తిరిగి నా చెప్పులరిగాయి. ఎప్పుడడిగినా బండి నిండిపోయిందనే మాట. ఏముందిరా అని తొంగిచూస్తే ఒక నర్సమ్మ. ఇంకోరోజు చూస్తే ఈ మాస్టారు, ట్రంకు పెట్టె. మరోరోజు టీకాలు వేసేవాడు. ఇదా నిండడం? విసుగెత్తి ప్రెసిడెంటు గారి దగ్గరికెళ్తే గాని పనికాలేదు."

నేను నూకయ్య వంక చూశాను. ఆయన చక్రం వంక చూస్తున్నాడు.

"సరుకు దొరుకుతూనే ఉందా? మరి ఖాళీగా పోతోందని నన్నెందుకు ఎక్కించావు?" అని పద్మకుమారి గారు అడిగింది.

"మరేటి సెయ్యమంటారమ్మా" అన్నాడు నూకయ్య, దొంగతనం చేసి దొరికినవాడిలా. "మా పేటకి మీరు కావాల, దయసేసి రండి అంటే నాలాటోడి మాటకి ఎవులొస్తారు? వచ్చినా మాకోసం ఇసకలో పడి వచ్చినారని మావోళ్లు మొగమాటపడిపోతారు, సూపించుకోరు. బండెలాగూ ఖాళీగా పోతన్నాదంటే ఎవులైనా ఎక్కుతారు. దిగినోళ్లని ఎవులైనా పిలుస్తారు."

ఆవిడ వెనకున్న బస్తాలను చూసింది, ముందున్న తువ్వాలును చూసింది.

"ఇప్పుడు ఆ మాటా సెప్పలేను. బండి నిండిపోనాది. ఖాళీ లేదు" అన్నాడు నూకయ్య. "మీరొచ్చి కూకోండి తల్లీ. చిన్నతల్లికి పొద్దున్నించి నొప్పులొస్తన్నాయంట, దానమ్మ సెప్పినాది."

"అది ముందు చెప్పవేం" అంటూ ఆవిడ సంచీ తీసుకుని పరుగున వచ్చి సీట్లో కూర్చుంది. రుమాలు కట్టుకోవడం కూడా మరిచిపోయింది. నేనూ ఉల్లి బస్తాల మీదికి ఎక్కాను. గుమస్తా గొణుగుతూనే చెయ్యందించాడు.

సాయంత్రం దీపాలవేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారని నర్సమ్మ బయటికొచ్చి చెప్పగానే జోగయ్య అరుగు మీద చతికిలబడ్డాడు. ఉల్లిపాయలకూ తన కూతురికీ ఉన్న సంబంధం అప్పటికి ఎక్కింది. మర్నాడే మీటింగు పెట్టి, ఉల్లి వెనక, మనుషులు ముందు అని తీర్మానం చేయించాడు. అదంతా తన ఆలోచనే అని కూడా చెప్పుకున్నాడు. నూకయ్య అవునవునని తలూపాడు.

బదిలీ మాట మళ్లీ వినపడలేదు. పైగా తర్వాతి మంగళవారం నర్సమ్మ ఒంటరిగా రాలేదు. డాక్టరు గారిని, ఆయన కాంపౌండరును, పిల్లల్ని తూచే తక్కెడను వెంటబెట్టుకుని వచ్చి అందర్నీ ముందు సీట్లోకే ఎక్కించింది.

"ఇంతమంది ఎలా పడతారమ్మా?" అన్నాడు నూకయ్య.

"నువ్వు కాస్త అటు జరుగు" అంది ఆవిడ.

నూకయ్య జరిగాడు. ఇంకా జరిగాడు. డాక్టరు గారి మోచెయ్యి తగిలితే మరికాస్త జరిగాడు. ఆ రోజు సగం మనిషి తలుపు బయట వేలాడుతూ, తక్కెడ గొలుసు మెళ్లో పడి గాలికి గలగలలాడుతుంటే, వ్యాను తోలుకుంటూ పేటలోకి వచ్చాడు. అంత హాయిగా కూర్చున్న డ్రైవర్ని నేను మళ్లీ చూడలేదు.