రెండు శ్రుతులు

ఈమధ్య కంప్యూటర్ మీద పాటలు చేసే కుర్రాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తొంభైల చివర్లో రాజమండ్రిలో మేము చేసిన పెళ్ళి క్యాసెట్‌లో తంబురా అంత చిక్కగా, కాస్త దుమ్ము పట్టినట్టు ఎలా వచ్చిందని. అదంతా పాత శాంప్లర్ గొప్పతనమని చెప్పి పంపించేవాణ్ణి. అది సగం నిజం. మిగతా సగం నేను దాచడం వల్ల ఒక సన్నాయి విద్వాంసుడి పేరు పోయింది. ఆ సగం కోసమే ఇది రాస్తున్నాను.

శాంప్లర్ అంటే ఏ శబ్దాన్నయినా కొద్ది సెకన్లు లోపల దాచుకుని, కీబోర్డు మీద ఏ మెట్టు నొక్కితే ఆ స్వరంలో తిరిగి పలికే పెట్టె. మాది మద్రాసులో ఒక స్టూడియో వాడి వదిలేసింది. మెమరీ బహు తక్కువ. తంబురా నాలుగు తీగలూ ఒక చుట్టు మోగేలోపే నిండిపోయేది. దానికి నేనొక ఉపాయం పన్నాను. రేడియో మెకానిక్ చేత టేప్ డెక్ మోటారు రెట్టింపు వేగంతో తిరిగేలా మార్పించాను. ఆ వేగంలో తంబురాను పెట్టెలోకి ఎక్కించి, లోపల ఒక స్థాయి కిందికి దించితే, సగం మెమరీలోనే మొత్తం పట్టేది. అలా దించినప్పుడు పైనున్న మెరుపు పోయి, అంచులు గరుకెక్కి, నాదం బరువుగా తేలేది. కుర్రాళ్ళకు నచ్చే గుణం అదే.

అయితే ఆ మోటారు సరిగ్గా రెట్టింపు తిరగలేదు. ఒక పిసరు ఎక్కువ తిరిగింది. కిందికి దించిన తంబురా కూడా ఆ పిసరు పైనే ఉండిపోయింది. నేను సరిచూడలేదు. పెట్టె మీదున్న చిన్న తెరలో శ్రుతి దగ్గర సున్నా కనపడుతుంటే, అంతా సరిగ్గా ఉందనుకున్నాను. కీబోర్డులోని వయొలిన్లతో కలిపి వింటే ఆ తేడా అలలు అలలుగా ఊగి, ఇంకా నిండుగా అనిపించింది. క్యాసెట్ కంపెనీ ఓనరైతే మురిసిపోయాడు.

సన్నాయి వాయించడానికి కొవ్వూరు నుంచి వచ్చినాయనకి అప్పటికే యాభై దాటాయి. గోదావరికి ఇటూ అటూ పెద్ద పెళ్ళి ఎక్కడ జరిగినా ఆయన మేళమే ఉండేది. సన్నాయి పక్కన ఆపకుండా ఒకే స్వరం ఊదే వాద్యాన్ని ఒత్తు అంటారు. అది ఊదే ఆయన తమ్ముణ్ణి ఓనరు వరండాలోనే కూర్చోబెట్టాడు, పెట్టె ఉండగా ఒత్తు దేనికని. గది గోడలకి కొబ్బరిపీచు చాపలు కొట్టి ఉన్నాయి. చప్పుడు పడకూడదని ఫ్యాను కట్టేశాం. ఆయన చెమట తుడుచుకుని, నాలుగు స్వరాలు వాయించి ఆపేశారు.

"అబ్బాయిగారూ, ఇందులో రెండు శ్రుతులు వినపడుతున్నాయండి. నన్ను దేంట్లో వాయించమంటారు?"

మా నాన్నగారు పురోహితులు. అందుకని వయసులో సగం లేని నన్ను ఆయన ఎప్పుడూ అలాగే పిలిచేవారు.

ఓనరు నవ్వాడు. "నిన్నగానీ యానాం వెళ్ళొచ్చావేంటయ్యా? తాగితే రెండు కనపడతాయంటారు. రెండు వినపడతాయనడం మాత్రం ఇదే వినడం."

"నాకా అలవాటు లేదండి. కావాలంటే మా తమ్ముణ్ణి పిలిచి అడగండి."

"మీ తమ్ముడు నీ మాట కాదంటాడేంటి? మాస్టారూ, మీరు చెప్పండి. మిషన్‌లో తేడా ఉందా?"

నేను తెర వైపు చూశాను. సున్నా. "కరెక్టుగానే ఉందండి" అన్నాను.

ఆయన ఇంకో రెండుసార్లు ప్రయత్నించారు. తంబురాతో కలిస్తే వయొలిన్లతో విడిపోతోంది, వయొలిన్లతో కలిస్తే తంబురాతో విడిపోతోంది. చివరికి సన్నాయిని గుడ్డలో చుట్టుకుని, "నా వల్ల కావట్లేదండి" అని లేచారు.

ఆ సాయంత్రం తంబురానీ, వయొలిన్లనీ విడివిడిగా విన్నాను. తర్వాత రెంటినీ ఒకే స్వరం మీద నిలిపి విన్నాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బటన్ నొక్కుతూ తంబురాను కిందికి దించుకుంటూ పోయి, ఊగడం ఆగిన చోట ఆపి, ఫ్లాపీలోకి ఎక్కించాను. ఐదు నిమిషాలు పట్టలేదు. ఓనరుకి చెప్పలేదు. చెబితే నన్ను తీసేసి విజయవాడ నుంచి ఇంకొకర్ని తెచ్చుకుంటాడని భయం.

నాలుగు రోజుల తర్వాత తణుకు నుంచి ఇంకో సన్నాయి ఆయన వచ్చి ఒక్క ఊపులో వాయించేసి వెళ్ళాడు.

"చూశారా మాస్టారూ" అన్నాడు ఓనరు. "మిషను అదే. మనిషి మారాడంతే."

నేను తల ఊపాను. మొదటిరోజు అన్నది తెలియక అన్న మాట. ఇది తెలిసి ఊపిన తల. రెంటినీ ఒకే తప్పుగా చెప్పుకుని ఇన్నాళ్ళూ నన్ను నేను మోసం చేసుకున్నాను.

యానాంలో తాగొచ్చాడన్న మాట ఊరంతా పాకింది. 'రెండు శ్రుతులాయన' అని పేరు కూడా పెట్టారు. మా వైపు మేళానికి ఎవర్ని పిలవాలో పెళ్ళివాళ్ళు పురోహితుణ్ణే అడుగుతారు. ఒకరోజు మా నాన్నగారు నన్ను పిలిచి, "ఏరా, ఆయన చెవి పోయిందంటున్నారు. నువ్వక్కడే ఉన్నావటగా. నిజమేనా?" అని అడిగారు.

"అలాగే అంటున్నారు నాన్నగారూ" అన్నాను.

ఆ ఏడాది ముహూర్తాల నుంచి నాన్నగారు కొవ్వూరు మేళం పేరు ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. క్యాసెట్లు పోయాయి, స్టూడియో మూసేశారు, ఆ పెట్టె మా ఇంటి అటక మీదికి చేరింది. ఒకసారి జంగారెడ్డిగూడెంలో తెలిసినవాళ్ళ పెళ్ళికి వెళ్ళాను. మేళంలో చివర కూర్చుని ఒత్తు ఊదుతున్న మనిషిని చూసి మొదట పోల్చుకోలేదు. ఆయనే. ఎవరో పాతికేళ్ళ అబ్బాయి సన్నాయి వాయిస్తుంటే, పక్కన బుగ్గలు పూరించుకుని ఒకే స్వరం ఊదుతున్నారు. ఇక దాచకూడదని అక్కడే అనుకున్నాను.

తర్వాతి ఆదివారం శాంప్లర్, కీబోర్డు ఆటోలో వేసుకుని బ్రిడ్జి దాటి కొవ్వూరు వెళ్ళాను. ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. కూర్చోమన్నా కూర్చోకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాను. మోటారు సంగతి, ఆ సాయంత్రం సంగతి, తల ఊపిన సంగతి, నాన్నగారికిచ్చిన జవాబు సంగతి.

ముందు ఆవిడే మాట్లాడారు.

"తాగలేదని నాకు తెలుసండి. ఊళ్ళోవాళ్ళు ఏదో అంటారు, పడ్డాం. ఈయన కూడా నమ్మేశారండి, అదీ నా బాధ. సన్నాయి తియ్యమంటే వణుకు. తీసినా, శ్రుతి కలిసిందా లేదా అని తమ్ముణ్ణి పదిసార్లు అడుగుతారు."

"చెవికీ వయసొస్తుంది కదే" అన్నారాయన. తర్వాత నా వైపు చూశారు. "సరిగ్గానే ఉందని మీరు అన్నారు కదండి. సంగీతం తెలిసినవారు."

ఆయన నమ్మింది ఓనరు మాటేమో అనుకున్నాను. కాదు. నా మాట.

పెట్టె బల్ల మీద పెట్టి, శ్రుతిని మళ్ళీ సున్నాకి తెచ్చి, తంబురానీ వయొలిన్లనీ కలిపి వినిపించాను. "ఎన్నండీ?" అన్నాను.

కళ్ళు మూసుకున్నారు. ఆవిడ తలుపు పట్టుకుని నిలబడిపోయారు.

"రెండేనండి. తంబురా పైన ఉంది."

"ఎంత పైన?"

"దించండి, చెప్తాను."

తెర ఆయనకి కనపడకుండా పెట్టె నా వైపు తిప్పుకుని, ఒక్కొక్క అంకే దించుకుంటూ పోయాను.

"ఇంకొంచెం. ఇంకొంచెం రండి. ఆ, దాటేశారు, వెనక్కి. ఆయ్, అక్కడ. కదపకండి."

తెర ఆయన వైపు తిప్పాను. ఆ రోజుల్లో ఏ మార్పు చేసినా ఫ్లాపీ మీద కాగితం అంటించి రాసుకునేవాణ్ణి. ఆ ఫ్లాపీ ఆవిడ చేతికిచ్చాను. చిన్న అక్షరాలు కనపడక వెలుతురులోకి పట్టుకెళ్ళి చదివారు.

"పద్దెనిమిది తక్కువ అని ఉందండి."

తెర మీదా అంతే ఉంది. నేను బటన్ నొక్కుకుంటూ చేరిన చోటికి ఆయన కళ్ళు మూసుకుని, ఎనిమిదేళ్ళుగా చెడిపోయిందనుకున్న చెవితో చేరారు.

ఆయన సంతోషించలేదు, నన్ను తిట్టనూ లేదు. ఆ అంకె వైపు కాసేపు చూసి అడిగారు. "మీ నాన్నగారికి చెప్పారా?"

"లేదండి."

"మరిక్కడేం చేస్తున్నారు? ముందు అక్కడ చెప్పండి."

నేను ఇల్లు చేరేసరికి నాన్నగారు పంచాంగం ముందేసుకుని ఎవరికో ముహూర్తం చూస్తున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి చెప్పాను. కేకలేస్తారనుకున్నాను. పంచాంగం మూసి, కళ్ళజోడు తీసి, నా చెల్లెలి పిల్లల నోట్‌బుక్ ఒకటి అందుకుని నా ముందు పెట్టారు.

"నువ్వు నాతో ఒక్కడితో అన్నావు. నేను చాలామందితో అన్నాను. ఎవరెవరితోనో చెప్తాను, రాసుకో."

నిడదవోలు, ధవళేశ్వరం, కడియం, కొవ్వూరులో ఇద్దరు. గుర్తు తెచ్చుకుంటూ తొమ్మిదిమంది పురోహితుల ఇళ్ళు చెప్పారు.

"మీరు కూడా వస్తే..." అన్నాను.

"నేనొస్తే నా మొహం చూసి పోనీలే అంటారు. నువ్వే వెళ్ళి, నిలబడి చెప్పు. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు అయిపోవాలి."

పదో పేరుగా ఓనరుది నేనే రాసుకున్నాను. మర్నాడు పొద్దున్నే స్కూటరు తీశాను. మొదటి ఇల్లు ధవళేశ్వరంలో.