గూఢచారి మూడో భాగం

డెబ్బయిల్లో మా అక్క మొగుడు ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. వాళ్ల షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఒకరు డిటెక్టివ్ నవల పైకి చదివితే, అతని వంతు బట్ట మిగతావాళ్లు నేసిపెట్టేవారు. చదివేది ఎప్పుడూ బావే. ఆదోనిలో ఒక్కణ్ణే కూర్చుని చదువుకునే నాకు ఆ వైభోగం చూస్తే ఒళ్లు మండేది.

మూడు భాగాల గూఢచారి నవలలో ఆఖరిది మా ఊరి అద్దె పుస్తకాల అంగడిలో ముందుగా నాకే దొరికింది. తీరా చదివితే పరమ చప్పగా ఉంది. రెండు భాగాలు ప్రాణాలకు తెగించిన గూఢచారి, చివరికి అదంతా పై అధికారి పెట్టిన పరీక్షేనని తెలుసుకుని, టీ తాగి ఇంటికి పోతాడు. నాకు మాత్రం సంతోషమేసింది. బావ ఇది చదివితే షెడ్డంతా ఉసూరుమంటుంది. అది కళ్లారా చూడాలని పుస్తకం పట్టుకుని బస్సెక్కాను.

షెడ్డులో అందరికీ పైకి చదువుతూ, చివరి పేజీల దగ్గర బావ ఆగాడు. మంచినీళ్లు తాగుతూ మిగిలిందంతా కళ్లతోనే చూసుకున్నాడు. ఆ తర్వాత పేజీలు తిప్పుతూ చదివినదాంట్లో ఒక్క ముక్కా పుస్తకంలో లేదు. గూఢచారిని శత్రువులకు పట్టించింది అతనికి పని నేర్పిన గురువేనట. ఇద్దరూ సరిహద్దు నదిలో, మెడలోతు నీళ్లలో ఎదురుపడ్డారు. మగ్గాలన్నీ ఆగిపోయాయి.

"రాసినోడు శానా గట్టోడప్పా," అన్నాడొక ముసలాయన కళ్లు తుడుచుకుంటూ.

బావ పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. "మంచి పుస్తకం తెచ్చినావు," అన్నాడు.

తిరుగు బస్సులో ఆ చివరి పేజీలు మళ్లీ తీశాను. గూఢచారి ఇంకా టీ తాగుతూనే ఉన్నాడు.