పెద్ద డ్రమ్ము విన్న ‘ఆయ్’

మా బడికి బ్యాండు వచ్చిందన్న కబురు నాకు మొదట చెప్పింది అటెండరు సత్యవతిగారు. 1997లో, వేసవి సెలవుల తరువాత బడి తెరిచిన రోజుల్లో సంగతి. అమలాపురానికి దగ్గరలోని ఒక బాలికల ఉన్నత పాఠశాలలో నేను అప్పటికి కొన్నేళ్ళుగా సంగీతం టీచరుని.

“టీచరుగారండీ, డ్రమ్ములు దిగేయండి. మీకేనంటండీ!” అని ఆవిడ వరండాలోంచే కేకేశారు.

నాకెందుకమ్మా డ్రమ్ములు అంటే, “ఏమోనండీ, మన బళ్ళో పాటొచ్చినోరు మీరొక్కరే కదండీ” అన్నారు.

అది స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల ఏడాది. అంతకుముందు ఆగస్టు పదిహేనుకు పెళ్ళి బ్యాండు వారిని పిలిపించేవారు. వాళ్ళు మంచి వాయిద్యగాళ్ళే గాని కవాతు మధ్యలో సినిమా పాటలోకి జారిపోయేవారు, పిల్లల కాళ్ళూ వాళ్ళతోపాటే జారేవి. ఈసారి చుట్టుపక్కల బళ్ళన్నీ కలిసి చేసే కవాతుకు మా ఆడపిల్లలే వాయించాలని మా హెడ్‌మిస్ట్రెస్‌గారు పట్టుబట్టి ఆ వాయిద్యాలు తెప్పించారు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. నాన్నగారు వేదం చెప్పేవారు. అక్షరాలు ఆయన దగ్గర, పాట అమ్మ దగ్గర, అన్నీ ఇంట్లోనే. పరీక్షలు ప్రైవేటుగా కట్టి ప్యాసయ్యాను, దైవం దయవల్ల ఉద్యోగం దొరికింది. కవాతు సంగీతం మాత్రం నాకు మా డ్రిల్లు మాస్టారు రామాంజనేయులుగారి పుణ్యమా అని అబ్బింది. ఆయనది అనంతపురం వైపు. బదిలీ మీద మా నీళ్ళ ఊళ్ళకు వచ్చి, ఇక్కడి వానను తిట్టుకుంటూ, మా పులసల పులుసును మెచ్చుకుంటూ ఉండేవారు.

మా సంగీతంలో పాట చాలాసార్లు తాళం పడ్డాక అర అక్షరం ఆగి ఎత్తుకుంటుంది. ఆ ఆగడంలోనే దాని అందం ఉంది. నేను అలాగే మోహన రాగంలో ఒక చిన్న పాట కట్టి పిల్లనగ్రోవుల పిల్లలకు నేర్పాను. మైదానంలో అది వినగానే సగం మంది ఎడమ కాలు వేశారు, సగం మంది కుడి కాలు వేశారు. రామాంజనేయులుగారు ఈల తీసి జేబులో పెట్టుకుని, “పాట బాగుంది టీచరమ్మా. కాలు యాడ పెట్టాల్నో అది మాత్రం చెప్పడం ల్యా” అన్నారు. కవాతులో ఎడమ కాలు, పెద్ద డ్రమ్ము దెబ్బ, పాట మొదటి స్వరం ఒక్కసారే పడాలి. ఆ మాట పట్టుకుని పాట ఎత్తుగడ మార్చుకున్నాను.

పెద్ద డ్రమ్ముకు నాగమణిని ఎంచుకున్నాం. తొమ్మిదో తరగతి పిల్ల. బండారులంకలో వాళ్ళది మగ్గం ఇల్లు. మగ్గం తొక్కుడు వింటూ పెరిగినందుకేమో, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎంతసేపైనా మారనిచ్చేది కాదు. మనిషి మాత్రం పొట్టి. డ్రమ్ము మెళ్ళో వేసుకుంటే కళ్ళ దాకా వచ్చేది, ఎదురుగా ఎవరు చెయ్యి ఊపినా కనబడేది కాదు. అందుకని సైగ మానేసి మాట పెట్టుకున్నాం. మాస్టారు “బ్యాండ్, రెడీ?” అనడం, బ్యాండు ముందు నిలబడే పిల్ల “ఎస్ సార్” అని గట్టిగా చెప్పడం, అది విని నాగమణి రెండు దెబ్బలు వెయ్యడం, మూడో దెబ్బకు అందరి ఎడమ కాలూ కదలడం. ఇదీ పద్ధతి.

కాని మా పిల్లల నోట “ఎస్ సార్” పలకలేదు. మాస్టారు రెడీనా అంటే, మా కోనసీమలో అవునండీ అనే అర్థంలో “ఆయ్!” అనేవారు.

“ఆయ్ కాదమ్మా. ఎస్ సార్ అనల్ల.”

“ఆయ్, అలాగేనండీ.”

“మళ్ళా ఆయ్ అంటాండావే!”

“ఆయ్, ఇంకననండీ.”

చివరికి ఆయనే ఓడిపోయారు. “పోనీలే టీచరమ్మా, మీ వాళ్ళు ఆయ్‌తోనే పుట్టినారు. అదే మన కాషన్” అన్నారు. కాషన్ అంటే కదలమని చెప్పే ఆజ్ఞ మాట. ఆ రోజు నుంచి మా బ్యాండు ‘ఆయ్’ మీద కదిలేది. హెడ్‌మిస్ట్రెస్‌గారు ఒకసారి రిహార్సలు చూసి, “ఇది కవాతాండీ, కబుర్లాండీ?” అని నవ్వారు గాని, వెళ్ళేముందు గట్టిగానే చెప్పారు. “పెద్దాళ్ళంతా వస్తారు. కాస్త తేడా వచ్చిందంటే డ్రమ్ములు అటకెక్కుతాయి. వచ్చే ఏడు మళ్ళీ పెళ్ళి బ్యాండే.”

ఆ సాయంత్రం నాగమణి నా వెనకాలే గేటు దాకా వచ్చింది. “అటకెక్కిస్తే మళ్ళీ దింపరాండీ?” అని అడిగింది. ఆడపిల్ల మెళ్ళో అంత డ్రమ్మేమిటని వాళ్ళ నాయనమ్మ గొడవ చేస్తే, అన్నం మానేసి మరీ ఒప్పించుకుని వచ్చిన పిల్ల అది. బాగా వాయిస్తే ఎందుకెక్కిస్తారమ్మా అని పంపించాను.

అలాంటి ఉత్సవానికి ఒక వరస ఉంటుంది. ముఖ్య అతిథి జెండా విప్పాలి. విప్పిన వెంటనే జాతీయ గీతం. తరువాత గౌరవ వందనం, ఆ తరువాతే కవాతు. జెండా ముందునుంచి సాగుతూ దళాలన్నీ తల తిప్పి దానికి వందనం చేస్తాయి. కవాతు పాట ఎప్పుడు మొదలైతే అప్పుడు నడవాలని పిల్లలకు బాగా నూరిపోశాం. పాట ఒక్కటే వాళ్ళకు గుర్తు.

ఆ ఉదయం వాన వెలిసింది. గణపతిని తలుచుకుని మైదానంలోకి వెళ్ళాను. ముఖ్య అతిథి రాజోలు వైపు నుంచి వచ్చిన వయోధికులు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళినవారు. జెండా కొయ్య దగ్గర ఆయన తాడు అందుకోబోతుండగా మైకు కుర్రవాడు ఆయన నోటి ముందుకు మైకు జరిపి, “సరిపోయిందాండీ?” అన్నాడు.

పెద్దాయన నిండుగా, “ఆయ్!” అన్నారు.

ఆ మాట స్పీకర్లన్నిటిలోంచీ వచ్చింది. నాగమణి రెండు దెబ్బలు వేసింది. పిల్లనగ్రోవులు అందుకున్నాయి. దళాలన్నీ ఎడమ కాలు వేసి కదిలాయి. జెండా ఇంకా ముడిలోనే ఉంది.

ముడిలో ఉన్న జెండాకు వందనం చేసుకుంటూ వెళ్ళడం కంటే అపచారం ఇంకొకటి లేదు. పాట ఠక్కున ఆపితే అదీ ప్రమాదమే. వెనక దళాల పిల్లలకు ముందేం జరిగిందో తెలియదు, వచ్చి మీద పడతారు. అప్పటికి నాగమణికి తప్పు తెలిసిపోయింది. ముఖం పాలిపోయి, పుల్ల గాలిలో తడబడింది. నేను పక్కకు వెళ్ళి, “ఆపకమ్మా, నువ్వొక్కదానివే వాయించు” అన్నాను. మిగతా వాయిద్యాలను చేత్తో ఆపేశాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి గాని దెబ్బ మాత్రం వదల్లేదు.

రామాంజనేయులుగారు ఈల ఊదలేదు, బ్యాండు వైపు తిరిగి ఒక్క మాట అనలేదు. దళాల పక్కన పరుగెత్తుతూ “మార్క్ టైమ్!” అని ఆజ్ఞ ఇచ్చారు. అంటే ఉన్నచోటనే అడుగులు వెయ్యమని. ఒక్కొక్క దళమే ముందుకు పోవడం మానేసి, నిలబడ్డ చోట అడుగులు వేసింది. అన్నిటి అడుగూ ఒకటయ్యేదాకా ఆగి, అప్పుడు “హాల్ట్!” అన్నారు. నాగమణి ఆఖరి దెబ్బా, పిల్లల ఆఖరి అడుగూ కలిసే పడ్డాయి. మైదానం నిశ్శబ్దమయ్యాక పెద్దాయన తాడు లాగారు. జెండా విచ్చుకుంది. మిగతాదంతా వరస ప్రకారమే జరిగింది. చూడవచ్చిన చాలామంది అదంతా కార్యక్రమంలో భాగమే అనుకున్నారట.

హెడ్‌మిస్ట్రెస్‌గారు అనుకోలేదు. మమ్మల్ని ముగ్గురినీ గదిలోకి పిలిచి ఎవరు వాయించమన్నారని అడిగారు. నాగమణి నోరు తెరిచేలోపే రామాంజనేయులుగారు, “ఆ కాషన్ ఖాయం చేసింది నేను మేడమ్. పాప కాషన్ విన్నాది, వాయించినాది. సిపాయి చేసే పని అదే. డ్రమ్ము తీసేయాలంటే ముందు నా ఈల తీసుకోండి” అని ఈల బల్ల మీద పెట్టేశారు.

అంతలో పెద్దాయన టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చారు. సంగతి విని, “నా మాటకి మా ఇంట్లో పిల్లి కూడా లేవదండీ. ఇవాళ ఒక్క ‘ఆయ్’కి ఇన్ని బళ్ళు నడిచేయి. ఆ అమ్మాయిని ఏమీ అనకండీ” అన్నారు. హెడ్‌మిస్ట్రెస్‌గారికి నవ్వాగలేదు. డ్రమ్ములు అటకెక్కవని, కాషన్ మాత్రం మార్చాలని తేల్చారు. ఆ తరువాత మాటకు బదులు చిన్న సైడ్ డ్రమ్ము మోతను గుర్తుగా పెట్టుకున్నాం. నాగమణి పదో తరగతి అయ్యేవరకు పెద్ద డ్రమ్ము మరెవరి మెళ్ళోకీ వెళ్ళలేదు.

ఆ తరువాత ఉద్యోగ విరమణ దాకా ఎన్నో ఉత్సవాలకు పిల్లల చేత వాయింపించాను. నేను నేర్చుకున్నది ఇది. కచేరీలో తప్పు పడితే పాడేవాళ్ళు ఆగి సర్దుకోవచ్చు. కవాతు పాట అలా కాదు, దాని మీద ఇతరుల కాళ్ళు ఆధారపడి ఉంటాయి. తప్పు మొదలైనా సరే, నడిచేవారిని క్షేమంగా నిలబెట్టేవరకు తాళం వదలకూడదు. తప్పెవరిదన్న విచారణ ఆ తరువాత చేసుకోవచ్చు.

రామాంజనేయులుగారు కొన్నాళ్ళకు బదిలీ మీద సొంత జిల్లాకు వెళ్ళారు. అక్కడే కాలం చేశారని తరువాత తెలిసింది. కవాతు చూసేవాళ్ళు జెండాను చూస్తారు, బ్యాండును వింటారు, పక్కన నిలబడ్డ డ్రిల్లు మాస్టారిని ఎవరూ చూడరు. ఇది చదివినవారు ఈసారి జెండా పండుగకు వెళ్ళినప్పుడు ఆయన పేరు ఒక్కసారి మనసులో అనుకోవాలని నా మనవి.